నూకరత్నమ్మ గారి కొసరు పాట

గవర్రాజు తక్కెడలో పాటలు తూస్తున్నాడు. ఎడమ పళ్ళెంలో క్యాసెట్లలోంచి లాగిన గోధుమరంగు టేపు చిక్కుపడి కుప్పగా ఉంది, కుడి పళ్ళెంలో ఇత్తడి తూకపురాళ్ళు ఉన్నాయి. కౌంటరుకి ఇవతల ముత్యాలరావు వరసలో నిలబడి ఉన్నాడు. తనకి ముందు ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు, అయినా అది వరసేనని, తన వంతు ఇంకా రాలేదని అతనికి తెలుస్తూనే ఉంది. కొట్టు కాకినాడలో జగన్నాథపురం వంతెన పక్కన పాత చోటనే ఉంది, పైన ‘సాగర్ రికార్డింగ్ సెంటర్’ అన్న బోర్డు కూడా ఉంది, కాని వెనక గోడ ఉండాల్సిన చోట ఉప్పుటేరు పారుతోంది, కొట్టు నేల మీద కూడా మోకాలి లోతు నీళ్ళున్నాయి, ఆ నీళ్ళు మాత్రం పంచెని తడపడం లేదు.

గవర్రాజు పోయి ఆరు నెలలైంది. ఆ సంగతి ముత్యాలరావుకి కలలోనూ గుర్తుంది, శ్మశానం గేటు దగ్గర నిలబడి చూసి మాట్లాడకుండా వచ్చేసినవాడు తనే గనక. అయితే ఎదురుగా ఉన్న మనిషితో నువ్వు పోయావు కదా అనడం మర్యాద కాదని ఊరుకున్నాడు. గవర్రాజు అతని భార్య రాజ్యానికి స్వయానా తమ్ముడు. దాయాది చావు కోరతాడు, బావమరిది బతకగోరతాడని సామెత. అలాంటి బావమరిదిని పంతొమ్మిదేళ్ళ కిందట నా గడప తొక్కొద్దు పొమ్మన్నాడు ముత్యాలరావు. గవర్రాజు మాట మీద నిలబడే మనిషి, తొక్కకుండానే పోయాడు.

"మీ వంతొచ్చిందండి బావగారూ, ముందుకి రండి," అంటాడు గవర్రాజు తల ఎత్తకుండానే. బనీను మీద తువ్వాలు, చెవి వెనక పెన్సిలు, అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి, జుట్టు మాత్రం మళ్ళీ నల్లగా ఉంది.

ముత్యాలరావు ముందుకి వెళ్ళి చేసే మొదటి పని తూకపురాయి తిరగేసి ముద్ర ఉందా లేదా చూడటం. ముప్పై మూడేళ్ళు తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసిన మనిషికి చచ్చినవాళ్ళ కొట్టయినా కొట్టే.

"దీని మీద ముద్ర లేదే?"

"ఎలాగుంటదండీ? ఇది బరువు తూసే రాయి కాదు. కోపం తూసేది."

"కోపానికి ప్రమాణం ఏంటి?"

"అదే కదండీ నేను మిమ్మల్ని అడుగుదామనుకున్నాను," అని గవర్రాజు నవ్వుతాడు. నవ్వితే అక్కలాగే కుడి చెంప మీద సొట్ట పడుతుంది.

ముత్యాలరావుకి కొసరు అంటే గిట్టదు. ఇది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. కొలత ఎంతో అంతే ఉండాలి, తక్కువైతే నేరం, ఎక్కువైతే అనుమానం అని అతని సిద్ధాంతం. పైన రెండు వంకాయలు ఎక్కువ పడేసే మనిషి కింద తూకంలో ఏదో మింగే ఉంటాడని అతను నమ్మేవాడు, చాలాసార్లు ఆ నమ్మకం నిజం కూడా అయింది. అలాంటివాడికి దేవుడిచ్చిన బావమరిది కొసరు మీదే బతికాడు. గవర్రాజు కొట్టుకి వచ్చేవాళ్ళు చీటీ మీద పాటల పేర్లు రాసి ఇచ్చేవారు, క్యాసెట్టుకి ఆ పక్క ఆరు, ఈ పక్క ఆరు. అట్ట మీద అరవై నిమిషాలని ఉన్నా లోపల టేపు పక్కకి ఒకటిన్నర నిమిషమో రెండు నిమిషాలో ఎక్కువే ఉంటుంది, ఆ మిగులుని మిగతా కొట్లవాళ్ళు ఖాళీగా వదిలేసేవారు. గవర్రాజు వదిలేవాడు కాదు. రెండో పక్క చివర, చీటీలో లేని పాట ఒకటి తన చేత్తో వేసేవాడు.

రెండు నిమిషాల్లో సినిమా పాట ఇమడదు, కీర్తన అసలే ఇమడదు. ఇమిడేవి ఒకటే రకం. రేవులోకి వచ్చే విదేశీ ఓడల మీది నావికులు మార్పిడికి ఇచ్చిపోయిన టేపులు గవర్రాజు దగ్గర ఒక ట్రంకు పెట్టెడు ఉండేవి, వాటిలో రాక్ పాటలు, పంక్ పాటలు, అందులోనూ మొరటువి, మూడు తీగలు, ఒక డ్రమ్ము, గొంతు చించుకునే ఒక మనిషి తప్ప మరే అలంకారమూ లేనివి, మొదలవుతూనే మీద పడి, ఇదేంట్రా బాబూ అనుకునేలోపల అయిపోయేవి. గవర్రాజుకి ఇంగ్లీషు రాదు. ఆ పాటల పేర్లు అతనికి తెలియవు, చాలా టేపులకి అట్టలు కూడా ఉండేవి కావు. చీటీ తీసుకుంటూ, "నిద్ర పడతందాండి? ఎవరిమీదన్నా కోపంగా ఉందా?" అని అడిగి, వాళ్ళు చెప్పినదాన్ని బట్టి, చెప్పనిదాన్ని బట్టి, ఫలానా పాట ఈ మనిషికి పడుతుందని ఎంచి వేసేవాడు. ఆనక ఆ పాటకి ఆ మనిషి పేరే పెట్టేవాడు. దర్జీ సత్తియ్య పాట, డ్రిల్లు మేష్టారి పాట, నర్సమ్మ పాట. అన్నమయ్య కీర్తనల క్యాసెట్టు చివర హఠాత్తుగా అరుపులు వినిపించి కొందరు వచ్చి తిట్టేవారు. కొందరు తిట్టడానికని వచ్చి, గుమ్మంలో కాసేపు తచ్చాడి, "ఆ చివర్ది ఉందే, అలాంటిది ఇంకోటుందా?" అని అడిగేవారు.

"మీకేటి వెయ్యాలో నాకెప్పుడూ తెలిసేది కాదండి," అంటున్నాడు గవర్రాజు. "ఊళ్ళో అందరికీ వేసాను, ఇంటల్లుడికి వెయ్యలేకపోయాను. ఇదుగోండి, ఇది ఇనండి. రంపం పాట."

పళ్ళెంలోంచి టేపు పోగు ఒకటి లాగి వేళ్ళ మధ్య సాగదీస్తాడు, అదే మోగుతుంది. గిటారు అంటారు గాని కలప అడితిలో మాను కోస్తున్నట్టే ఉంది, పాడేవాడి గొంతు ఇసకేసి తోమిన గిన్నెలా ఉంది, వాడు ఒకే మాట పట్టుకుని లెగను, లెగను, లెగను అంటున్నాడు, ఏ భాషలోనో ముత్యాలరావుకి తెలియదు, కాని లెగను అంటున్నాడని మాత్రం తెలుస్తోంది.

"ఇది డ్రిల్లు మేష్టారికిచ్చానండి. తెల్లారి నాలుగింటికి లేచి లేచి, రిటైరయ్యాక కూడా నాలుగింటికే మెలకువొచ్చేసి ఏం చెయ్యాలో తెలీక ఏడిసేవోడు. ఇది ఇన్నాక ఆరింటిదాకా పడుకున్నాడు."

"నాకు నిద్రకి లోటు లేదు," అంటాడు ముత్యాలరావు.

"మరైతే ఇది. ఇది కాలేజీలో ప్యూన్ రాజారావుకిచ్చాను. మొత్తం పాట ఏబై ఎనిమిది సెకన్లేనండి. పెద్దోళ్ళందర్నీ వరసపెట్టి తిట్టి, ఆఖర్న తలుపు దబీమని ఏసేత్తాడు."

"నిమిషానికి రెండు సెకన్లు తక్కువ," అంటాడు ముత్యాలరావు వెంటనే. అలవాటు మనిషి కన్నా ముందు మాట్లాడుతుంది.

గవర్రాజు చెవి వెనక పెన్సిలు తీసి కౌంటరు మీద, రెండు సెకన్లు తక్కువ, బావగారికి పనికిరాదు, అని రాసుకుంటాడు. రాసిన అక్షరాలు చేపపిల్లల్లాగా జారి నీళ్ళలో పడతాయి. వాటి వెంట చూస్తుంటే కొట్టు నెమ్మదిగా కదులుతోందని తెలుస్తుంది. వంతెన వెనక్కి పోతోంది, కౌంటరు సిటీబస్సులో ముందు సీటు కడ్డీ అయింది, తక్కెడ డ్రైవరు పక్కన వేలాడుతోంది, ముత్యాలరావు కడ్డీ పట్టుకుని నిలబడే ఉన్నాడు, బస్సులో ఉన్నవాళ్ళంతా ఒళ్ళో క్యాసెట్లు పెట్టుకుని రెండో పక్క చివర కోసం ఓపిగ్గా కూర్చున్నారు. తను అడగాల్సింది ఒకటుందని, దిగేలోపల అడగాలని అతనికి గుర్తొస్తుంది. అది పంతొమ్మిదేళ్ళుగా గొంతులో పచ్చి వెలక్కాయలా ఉన్న ప్రశ్న. నువ్వు మా అమ్మని ఎగతాళి చేశావా, చెయ్యలేదా? చేసి ఉంటే తను చేసింది న్యాయం. చెయ్యకపోతే ఏమిటన్నది అతను ఇన్నాళ్ళూ తూచి చూసుకోలేదు, శ్మశానం గేటు దగ్గర్నించి తిరిగి వస్తున్నప్పుడు మాత్రం ఆ రెండో పళ్ళెం మొదటిసారి కొంచెం కిందకి దిగింది.

"నాకు పాటలక్కర్లేదు గవర్రాజూ. నిన్ను ఒకటి అడగాలి."

"అడుగుదురుగాని లెండి. భోజనాలకి టైమైపోయింది, ముందు దిగండి."

బస్సు దిగితే అది తన ఇల్లే. వసారాలో విస్తళ్ళు వేసి ఉన్నాయి, అమ్మ నూకరత్నమ్మ సంవత్సరికం భోజనాలు జరుగుతున్నాయి, పై ఆఫీసరు ప్యాంటు మడతపెట్టుకుని పీట మీద కూర్చుని గారెలు తింటున్నాడు, పురోహితుడు ఆయనకి ఎదురుగా పెరుగు కోసం చూస్తున్నాడు. గోడ పక్కన టేప్‌రికార్డరులో అమ్మకి ఇష్టమైన భజనలు నడుస్తున్నాయి. పన్నెండు భజనల పేర్లు ముత్యాలరావే స్వయంగా చీటీ మీద రాసి, కొసరూ గిసరూ వద్దని కింద గీత గీసి మరీ ఇచ్చాడు. పన్నెండోది మంగళహారతి. అది అయిపోయింది. టేపు ఇంకా తిరుగుతోంది. ముత్యాలరావుకి ఇప్పుడేం జరుగుతుందో తెలుసు, వడ్డన చేస్తున్న గరిటె వదిలేసి పరిగెత్తాలనుంది, మోకాలి లోతు నీళ్ళలో పరుగు సాగడం లేదు.

మొదలైంది. నలుగురు ఆడవాళ్ళ గొంతులు. పాట అనడానికి ముందు అది కేక, డ్రమ్ము రేకుల షెడ్డు మీద రాళ్ళవానలా పడుతోంది, దాని మీంచి ఆ నలుగురూ ఒకరి తర్వాత ఒకరు ఏదో అడుగుతున్నారు, జవాబు రాకపోతే నలుగురూ కలిసి అడుగుతున్నారు. పురోహితుడి చెయ్యి పెరుగన్నంలో ఆగిపోయింది. పై ఆఫీసరు నోట్లో గారె పెట్టుకుని భళ్ళున నవ్వాడు, నవ్వి, "ఏమయ్యా ముత్యాలరావ్, మీ అమ్మగారు మంచి హుషారైన మనిషే!" అన్నాడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకట మీ కోపం, అని రాజ్యం ఆ తర్వాత ఎన్నోసార్లు అంది, అన్నప్పుడల్లా అతను వినబడనట్టు ఊరుకున్నాడు. ఆ రోజు అతను ప్లగ్గు పీకాడు, క్యాసెట్టు లాగాడు, వసారాలో అందరి ముందూ అనాల్సిన మాట, అనకూడని మాట అన్నీ అన్నాడు. గవర్రాజు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఒక్క ముక్క మాట్లాడకుండా, తినకుండా వెళ్ళిపోయాడు. జప్తు చేసిన దొంగ రాళ్ళకి కట్టినట్టే ఆ క్యాసెట్టుని కవర్లో పెట్టి, లక్క వేసి, తేదీ రాసి సంతకం పెట్టాడు ముత్యాలరావు.

ఇప్పుడు కలలోనూ అతని చెయ్యి ప్లగ్గు మీదకి వెళ్తుంది. పట్టుకుంటాడు, కాని పీకడు. పంతొమ్మిదేళ్ళ తర్వాత ఒక ఇన్‌స్పెక్టరు తన చేతిని తనే ఆపుకుంటాడు, తర్వాత ఏముందో విందామని. అయినా పాట సరిగ్గా అప్పుడు ఆగిన చోటే ఆగిపోతుంది.

"మిగతాది ఏది?"

"మీరు నలబై సెకన్లేగా ఇన్నారు," అంటాడు గవర్రాజు, విస్తరి ముందు కూర్చుని, ఆ రోజు తినని భోజనం ఇప్పుడు తీరిగ్గా తింటూ. "ఇది మీ కలండి. మీ కాడ లేంది నేనెక్కడ్నుంచి తెత్తాను? గారెలు బాగున్నాయి. అక్క చేసిందేనా?"

"గవర్రాజూ, ఆ పాట ఎందుకు వేశావు? సంవత్సరికం రోజున, మా అమ్మ ఫోటో ముందర. చీటీ మీద వద్దని రాశాను. ఎగతాళికేనా?"

అడిగేశాడు. అడిగాక చూస్తే పై ఆఫీసరూ పురోహితుడూ విస్తళ్ళతో సహా లేరు, వాళ్ళు కూర్చున్న చోట ఉప్పుటేటి గట్టుంది, ముత్యాలరావు, గవర్రాజు ఆ గట్టు కింద పక్కపక్కనే కూర్చుని ఉన్నారు, ఎండగా ఉంది, దూరంగా రేవులో ఓడలు వెనక్కి నడుస్తున్నాయి.

"సెప్పకూడదండి. ఒట్టు."

"ఎవరికి ఒట్టు?"

"సెప్తే ఒట్టు తప్పినట్టేగా?"

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టు," అంటాడు ముత్యాలరావు విసుగ్గా, అందరూ అనే మాటే.

"అయితే సరేనండి," అని గవర్రాజు బనీను లోపల చెయ్యి పెట్టి ఒట్టు బయటికి తీస్తాడు. ఒట్టు ఎలా ఉంటుందో ముత్యాలరావు చూడటం అదే మొదలు. చిన్నదే, తమలపాకు చిలకలా మడిచి ఉంది, కొంచెం వాడింది. గవర్రాజు దాన్ని జాగ్రత్తగా గట్టు మీద పెట్టి, ఎగిరిపోకుండా పైన ముద్ర లేని తూకపురాయి పెడతాడు.

"ఏసింది నేనేగాని, అడిగింది మీయమ్మగారండి."

ముత్యాలరావు రాయి కింద ఒట్టు ఉందో లేదో చూసుకుంటాడు.

"ప్రతి శుక్కురారం బజారుకెళ్తా మా కొట్టుకాడ ఆగేవోరు. మీరిచ్చిన భజన్ల క్యాసెట్టుకి మొట్టమొదట నేను ఊరికే కొసరేసాను. వారం తిరక్కుండా వచ్చేసారు. తిడతారేమో అనుకున్నానండి. సంచి కింద పెట్టి, ఒరే గవర్రాజూ, ఆ కేకలేసే ఆడోళ్ళెవర్రా అన్నారు. ఏదో చలిదేశం రేవులో చేపలు కోసే కార్ఖానాలో పనిచేసేవోళ్ళంటమ్మా, ఓడ మీదోడు చెప్పాడు అన్నాను. ఏటడుగుతున్నార్రా అన్నారు. నాకేటి తెలుసమ్మా, ఇంగ్లీషు అన్నాను. నాకు తెలుసులే అన్నారండి."

"ఏంటట?"

"భజన్లో మనం బతిమాలుకుంటాంరా, ఈళ్ళు నిలదీసి అడుగుతున్నారు. అలాగన్నారు."

ముత్యాలరావు నాన్న సరుకు నావ మీద పనిచేసేవాడు. కొడుక్కి ఏడేళ్ళప్పుడు తుఫానులో నావతో సహా పోయాడు, మనిషి దొరకలేదు. నూకరత్నమ్మ నలభై ఏళ్ళ పాటు రోజూ సాయంత్రం భజన చేసింది, ఎంత మెల్లగా చేసేదంటే పక్కింటివాళ్ళకి కూడా వినబడేది కాదు. ఆమె ఎప్పుడైనా గొంతెత్తగా అతను వినలేదు. ఎత్తాలని ఉండేదేమోనని కూడా అతనికి తోచలేదు. అది కొలవడానికి శాఖలో సాధనమేమీ ఉండేది కాదు మరి.

"ఆ తర్వాత ప్రతి క్యాసెట్టుకీ అదే కావాలనేవోరండి. మార్చుదామంటే ఒప్పుకునేవోరు కాదు. నా కొసరేదిరా, నా నలుగురేరిరా అని అడిగి మరీ ఏయించుకునేవోరు. దానికి నూకరత్నమ్మగారి పాట అనే పేరెట్టాను. మావోడికి చెప్పకురా, కొలతలు తీసి ఆపించేత్తాడు, ఒట్టు, అన్నారు. నా చెయ్యి తీసి ఆరి నెత్తి మీద పెట్టుకున్నారు. పెద్దావిడ నెత్తి మీద చెయ్యెట్టి ఒట్టేసి, అందరి ముందూ మీరు నాలుగు మాటలన్నారని తప్పేత్తానాండి?"

"సంవత్సరికానికి నువ్వెందుకు వేశావు మరి? ఆవిడ లేదు కదా."

"ఆరి సంవత్సరికమే కదండీ," అంటాడు గవర్రాజు, ఇంత చిన్న సంగతి అర్థం కాలేదేమిటన్నట్టు. "మీరు గారెలెందుకు వండించారు? ఆరికిష్టమనేగా."

ముత్యాలరావు తల వంచుకుంటాడు. దుఃఖమని చెప్పడానికి లేదు, లెక్క తప్పిన కాగితం ముందు కూర్చున్నట్టుంది, ఎక్కడ తప్పిందో కనిపిస్తోంది, దిద్దే అధికారం మాత్రం లేదు. వెనక ఎక్కడో గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది. అది ఆగింది. తల తిప్పకుండానే అతనికి తెలుస్తుంది, అమ్మ చీర చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి టేప్‌రికార్డరు ముందు కూర్చుంది. ప్రతి సాయంత్రం సరిగ్గా రెండో పక్క చివర్లో తోముతున్న గిన్నె వదిలేసి వచ్చేది. టేపు ఆపడానికి వస్తోందనుకునేవాడు అతను. అప్పటికి అతను ఆఫీసు నుంచి వచ్చి వీధిగదిలో పేపరు చదువుకుంటూ ఉండేవాడు, పెరటివైపు నుంచి అరుపులు లీలగా వినిపిస్తే పక్కవాటా రేడియో అనుకునేవాడు.

"ఇదంతా నేను ఎలా నమ్మను?" అంటాడు. "నా కల అన్నావు. నాకు నేనే చెప్పుకుంటున్నానేమో. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు, నువ్వు పోయావని నీ తరఫున వాదిస్తున్నానేమో."

"చారెడు అంటే మీ కొలతల్లో ఎంతండి?"

"చారెడు కొలత కాదు."

"మరదే," అంటాడు గవర్రాజు. లేచి పంచె దులుపుకుంటాడు, వెళ్ళే వేళైంది కాబోలు, ఏరు నెమ్మదిగా అతని వైపు జరుగుతోంది. "నాకు తెలిసింది ఏటీ చెప్పలేదండి నేను. మీరు చూసి ఊరుకున్నదే చెప్పాను. మీయమ్మగారు క్యాసెట్లకి బొట్టెట్టేవోరు, గుర్తుందాండి?"

గుర్తుంది. క్యాసెట్టుకి బొట్టేంటమ్మా, కుంకం లోపలికి పోతే పాడైపోతుంది అని అతను ఒకసారి కోప్పడ్డాడు కూడా. భజనల క్యాసెట్లకి గవర్రాజు మొదటి పక్కన దేవుడి బొమ్మ చిన్నది అంటించేవాడు. దేవుడికి పెడుతోందిలే అని తర్వాత ఊరుకున్నాడు.

"ఆ బొట్టు ఏ పక్కనుందో ఎప్పుడన్నా చూసారేటండి?"

"ఉండు, నాకేం పాట ఇస్తావ్? నాకు వెయ్యలేదు నువ్వు," అంటాడు ముత్యాలరావు. గొంతు తనదిలాగా లేదు, బజార్లో కొసరు కోసం నిలబడ్డవాడి గొంతులా ఉంది.

"ఒకటుందండి," గవర్రాజు నీళ్ళలోంచి అంటున్నాడు, అతను నడుము దాకా దిగాడు. "నిదానంగా ఉంటది, బరువుగా. పనిలోంచి తీసేసిన రేవు కళాసీలు పాడింది. కోపంగా ఉన్నోళ్ళకి కాదది. కోపం అయిపోయాక ఏం చెయ్యాలో తెలీనోళ్ళకి. అయితే అది ఏడు నిమిషాలండి బావగారూ, కొసర్లో పట్టదు. దానికి మీరు చీటీ రాసివ్వాలి."

ముత్యాలరావు జేబులో పెన్ను వెతుక్కుంటాడు. ఒక జేబులో ముద్రలున్నాయి, ఒక జేబులో లక్క ఉంది. పెన్ను లేదు. ఫ్యాను ఆగిపోయింది.

కరెంటు పోయింది. మధ్యాహ్నం మూడున్నర. మెడకింద దిండు చెమటకి తడిసింది, వీధిలో ఎవరిదో ఇన్వర్టరు కీచుమంటోంది. ముత్యాలరావు మంచం మీద కూర్చుని కొంతసేపు తన పాదాల వైపు చూసుకున్నాడు, పొడిగానే ఉన్నాయి. తర్వాత లేచి, స్టూలు వేసుకుని, అటక మీంచి అమ్మ బిస్కట్ల డబ్బా దింపాడు. అమ్మ పోయాక దాన్ని ఎవరూ తెరవలేదు. మూత బిగుసుకుపోయి చెంచాతో లేపాల్సి వచ్చింది.

పదకొండు క్యాసెట్లున్నాయి. ఒక్కొక్కటే తీసి కిటికీ వెలుతురులో పెట్టి చూశాడు. మొదటి పక్కన దేవుడి బొమ్మలు పాలిపోయి ఉన్నాయి, వాటి మీద ఏమీ లేదు. తిప్పాడు. బొమ్మలేని రెండో పక్కన, తెల్ల కాగితం మీద, వేలికొసతో పెట్టిన కుంకుమ బొట్టు కాగితంలోకి ఇంకి గోధుమరంగుకి తిరిగి ఉంది. పదకొండింటికీ అక్కడే. నూకరత్నమ్మకి అక్షరాలు రావు, తన నలుగురూ ఉన్న పక్కకి ఆవిడ పెట్టుకున్న గుర్తు అది.

అతను బీరువా అడుగునుంచి లక్క వేసిన కవరు తీశాడు. తన సంతకం తనే కాసేపు చూసి, లక్క విరిచి, పన్నెండో క్యాసెట్టు బయటికి తీసి తిప్పాడు. రెండో పక్క శుభ్రంగా ఉంది.

"ఏం వెతుకుతున్నారు ఈ ఉక్కలో?" అంది రాజ్యం, గుమ్మంలోకి వచ్చి. డబ్బా చూసింది, విరిగిన లక్క చూసింది.

"మీ తమ్ముడు..." అన్నాడు ముత్యాలరావు. అలా అనడం మానేసి పంతొమ్మిదేళ్ళైంది, మాట కొంచెం తడబడింది. "గవర్రాజు వాళ్ళింట్లో పాడవని టేప్‌రికార్డరు ఏదైనా మిగిలిందేమో కనుక్కోవాలి. అంతకన్నా ముందు ఆ కుంకుమ భరిణె ఇలా పట్రా."